మూడంకెల పరపతి

గోదావరి డెల్టాకి అప్పు కొత్త కాదు. ఆ అప్పును గుర్తుపెట్టుకునేది మాత్రం మారింది. నిన్నటిదాకా ఊరు గుర్తుపెట్టుకునేది, ఇప్పుడు కంప్యూటరు గుర్తుపెట్టుకుంటోంది. ఇంతకీ క్రెడిట్ స్కోరు మనకి అవసరమా? ఎవరికి, ఎంతవరకు?

గోదావరి జిల్లాల్లో సంబంధం మాట్లాడుకునే చోట పెద్దల ప్రశ్నలకి ఒక వరస ఉంటుంది. మాగాణి ఎన్నెకరాలు, కాలువకి ఎగువనా, శివారునా? కొబ్బరితోట ఉందా? పిల్లాడి ఉద్యోగమేంటి, అలవాట్లేంటి? అన్నీ అయ్యాక, వక్కపొడి నోట్లో వేసుకుంటూ గొంతు తగ్గించి ఒకటి అడుగుతారు: ‘బయట బాకీలేమన్నా ఉన్నాయంటారా అండీ?’

దీనికి జవాబు మధ్యవర్తి చెప్పాలి. ఆయన తనకి తెలిసినదంతా చెప్పడు, చెప్పినదంతా నిజమూ కాదు. 2025 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని ముర్తిజాపూర్‌లో ఒక పెళ్లికూతురి మేనమామ మధ్యవర్తిని పక్కనపెట్టి, వరుడి అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ రిపోర్టు చూపించమన్నాడు. అందులో రకరకాల అప్పులు బయటపడ్డాయి. స్కోరు తక్కువగా ఉంది. సంబంధం తప్పిపోయింది. పత్రికల్లో చదివి మనవాళ్లు నవ్వుకున్నారు. నవ్వుతూనే తమ స్కోరు ఎంతుందో ఫోన్‌లో చూసుకున్నారు.

చూసుకున్నవాళ్లలో రెండు రకాలు. ఒకరు 780 అని కనపడగానే పరీక్ష పాసైనంత సంబరపడతారు. రెండో రకం పెద్దమనిషికి ఏ అంకే కనపడదు. ఆయన జన్మలో బ్యాంకు మెట్లెక్కి అప్పడిగింది లేదు. ‘అప్పే లేనోడికి ఈ మార్కులెందుకు బాబూ?’ అంటాడు. ఈ కథనం ఆయన ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పరపతి అంటే రెండర్థాలు

అప్పు ఇచ్చే సహకార సంఘానికి తెలుగులో పెట్టిన పేరు ‘ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం’. ఇక్కడ పరపతి అంటే రుణం. అదే మాటను ఊళ్లో మరోలా వాడతాం. ‘ఆయనకి మంచి పరపతి ఉంది’ అంటే నలుగురూ ఆయన మాట వింటారని, అడిగితే కాదనరని. మన భాష అప్పునీ, మనిషి మీద నమ్మకాన్నీ ఒకే మాటలో ఇమిడ్చింది. క్రెడిట్ స్కోరు అనే మూడంకెల సంఖ్య మనిషి పరపతికి మార్కులు వేస్తానంటోంది. అది పుట్టకముందు ఆ మార్కులు వేసినది ఊరే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో నీళ్లతోపాటు డబ్బు పారింది. రెండు పంటలకి రెండుసార్లు పెట్టుబడి కావాలి. సార్వాకి దుక్కి దున్నేనాటికి చేతిలో డబ్బుండదు. ధాన్యం మిల్లుకి చేరాకే డబ్బు కళ్లపడుతుంది. నడుమ నాలుగైదు నెలలు గడిపేది అప్పే. మిల్లు షావుకారు, ఎరువుల కొట్టు, పక్కింటి ఆసామి, చీటీల పెద్ద, వీళ్లకి ఎవరి పరపతి ఎంతో కంఠతా తెలుసు. ‘ఆడి నాన్న నాకు పైసా ఎగ్గొట్టలేదు, ఈడూ ఎగ్గొట్టడు’ అనే ఒక్క మాట మీద యాభై వేలు చేతులు మారేవి. ఇప్పటికీ మారుతున్నాయి.

ఆ నమ్మకానికి ధర ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ప్రామిసరీ నోటుకి చట్టంలో గడువు మూడేళ్లు. అందుకే మూడేళ్లు నిండకుండా నోటు తిరగరాస్తారు. తిరగరాసినప్పుడల్లా వడ్డీ అసలులో కలుస్తుంది. ఊరికి ఒక మంచి గుణం మాత్రం ఉంది, కారణం అడుగుతుంది. తుపానుకి చేను పడిపోయిందని తెలిస్తే ‘వచ్చే దాళ్వాకి చూద్దాంలే’ అంటుంది. వడ్డీ వదలదు, గడువు వదులుతుంది.

ఈ వడ్డీ భారం నుంచి రైతునీ, చిన్న వ్యాపారినీ బయటపడేయడానికే మన గడ్డ మీద బ్యాంకులు పుట్టాయి. ఇప్పటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923 నవంబరులో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. క్రెడిట్ కార్డులను దేశానికి తొలినాళ్లలో పరిచయం చేసిన బ్యాంకుల్లో అదొకటి, 1981లోనే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా చేతులు మారుతూ వచ్చి, 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. బోర్డులు మారాయి, మేనేజర్లు మారారు. ‘ఈయన మా ఊరి ఆసామి, నాకు తెలుసు’ అని చెప్పే క్లర్కు బదిలీ అయిపోయాడు. ఇక కొత్తగా వచ్చిన అధికారికి నువ్వెవరో చెప్పేది కంప్యూటరే.

బ్యాంకుకి జ్ఞాపకం వచ్చిన రోజు

అమెరికాలో 1841లోనే లూయిస్ టప్పన్ అనే వ్యాపారి, ఏ ఊళ్లో ఏ దుకాణదారు నమ్మదగినవాడో వాకబు చేసి చెప్పే ఏజెన్సీ పెట్టాడు. 1956లో బిల్ ఫెయిర్, ఎర్ల్ ఐజాక్ అనే ఇద్దరు ఆ నమ్మకాన్ని లెక్కలోకి దించే కంపెనీ తెరిచారు. వాళ్ల పేర్ల మీదే 1989లో వచ్చిన ఫైకో స్కోరు క్రమంగా అక్కడి బ్యాంకులకి ఉమ్మడి కొలబద్ద అయింది.

మన దేశంలో సిబిల్ 2000 సంవత్సరంలో ఏర్పడింది. 2005లో క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం వచ్చింది. ఈరోజు రిజర్వు బ్యాంకు అనుమతితో నాలుగు కంపెనీలు (వీటినే క్రెడిట్ బ్యూరోలంటారు) ఈ పని చేస్తున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. జిరాక్స్ అనేది ఒక కంపెనీ పేరైనా మనం నకలు తీయడానికంతా ఆ పేరే వాడినట్టు, స్కోరు ఎవరిదైనా ‘సిబిల్’ అంటున్నాం. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు సాధారణంగా మంచి స్కోరుగా చూస్తాయి.

ఈ అంకె వెనక ఉన్నది మన అప్పుల దినచర్య. తీసుకున్న అప్పులు, కట్టిన వాయిదాలు, ఆలస్యమైన రోజులు, క్రెడిట్ కార్డు పరిమితిలో వాడుకున్నదెంత, కొత్త అప్పు కోసం ఎన్ని చోట్ల దరఖాస్తు పెట్టాం, పాత అప్పుల వయసెంత. ఇక ఇందులో లేనివి చూడండి. జీతం లేదు, ఎకరాలు లేవు, బీరువాలో బంగారం లేదు, పొదుపు ఖాతాలో నిల్వ లేదు. పదేళ్లుగా ఒక్క నెల తప్పకుండా కట్టిన చీటీ లేదు. షావుకారుకి చెల్లుబెట్టిన ప్రోనోట్లు లేవు. అంటే అయిదెకరాల మాగాణి, బాకీ లేని బతుకు ఉన్న పెద్దమనిషి రిపోర్టులో అంకె ఉండాల్సిన చోట ‘చరిత్ర లేదు’ అని ఉంటుంది. ఎకరం కూడా లేకుండా, టీవీ వాయిదాలు బుద్ధిగా కడుతున్న ఆయన పాలేరు కొడుక్కి 760 ఉండొచ్చు. స్కోరు ఆస్తిని కొలవదు, నీతిని కొలవదు. బ్యాంకుల దగ్గర తీసుకున్న అప్పును ఎలా తీర్చావన్నది ఒక్కటే చెబుతుంది.

పేదల రికార్డు తెలుగు నేల మీద మొదలైన వైనం

క్రెడిట్ బ్యూరో అంటే ఒకప్పుడు నగరాల్లో కారు లోన్లవాళ్ల వ్యవహారం. అది రోజుకూలీ ఇంటిదాకా రావడానికి ముఖ్య కారణం 2010లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సూక్ష్మరుణ సంక్షోభం. ఒకే మహిళకి నాలుగైదు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకరి వాయిదా కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకోవడం మామూలైంది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు నిలిచిపోయాయి. అప్పులిచ్చిన సంస్థలూ కుదేలయ్యాయి.

ఆ సంస్థల్లో ఏ ఒక్కదానికీ మిగతావాళ్లు ఎంతిచ్చారో తెలియదన్నది సంక్షోభంలో బయటపడిన పెద్ద లోపం. రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇస్తూ, ఒకరికి రెండు సూక్ష్మరుణ సంస్థలకి మించి అప్పివ్వకూడదని, ఎవరికి ఎంత అప్పుందో తెలిపే క్రెడిట్ బ్యూరో ఉండాలని సిఫార్సు చేసింది. తర్వాత రిజర్వు బ్యాంకు ఆదేశాలతో 2016 జులై నుంచి డ్వాక్రా సంఘాల్లో ఒక్కో సభ్యురాలి సమాచారం కూడా బ్యూరోలకి వెళ్లడం మొదలైంది. కాబట్టి సంఘం పేరున తీసుకున్న అప్పు మనది కాదనుకోవడానికి లేదు. అక్కా చెల్లెళ్లారా, సంఘం పుస్తకంలో మీ పేరున ఎంత రాశారో మీరే చదివించుకోండి.

రుణమాఫీలూ ఈ కథలో భాగమే. 2014లో రైతు రుణాలు, డ్వాక్రా రుణాలు మాఫీ అవుతాయన్న ఎన్నికల హామీ విని వాయిదాలు ఆపేసినవాళ్లు ఊరూరా ఉన్నారు. మాఫీ విడతలవారీగా, పరిమితులతో వచ్చింది. ఈలోపు బ్యాంకు పుస్తకంలో బాకీ గడువు దాటింది. రాజకీయ హామీని కంప్యూటరు గుర్తించదు, వాయిదా తేదీని గుర్తిస్తుంది.

ఎంత తేడా వస్తుంది?

లెక్క వేసి చూద్దాం. రాజమహేంద్రవరంలో ఫ్లాటు కొనడానికి ఒకరు ఇరవై ఏళ్ల గడువుతో 25 లక్షలు అప్పు తీసుకున్నారనుకోండి. వడ్డీ 8.5 శాతమైతే నెలవాయిదా సుమారు 21,700 రూపాయలు. స్కోరు తక్కువని బ్యాంకు 9.5 శాతం వేస్తే 23,300. నెలకి 1,600 తేడా. ఇరవై ఏళ్లకి 3 లక్షల 85 వేలు పైచిలుకు. స్కోరు బాగుంటే వడ్డీ తగ్గించమని బేరమాడొచ్చు. బాగోకపోతే బ్యాంకు ఎంతంటే అంతే.

పంటరుణంలో తేడా ఇంకా పెద్దది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద వడ్డీ 7 శాతం. గడువులోగా తీరిస్తే 3 శాతం రాయితీ, మిగిలేది 4. లక్ష మీద ఏడాదికి 4 వేలు. అదే లక్ష నూటికి రెండు చొప్పున బయట తెస్తే 24 వేలు. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అయితే తాకట్టు లేని చోటే బ్యాంకు గత చరిత్రను భూతద్దం పెట్టి చూస్తుంది.

మరి స్కోరు లేకుండానే అప్పు పుట్టే దారి లేదా? ఉంది, బీరువాలో. డెల్టాలో బంగారం కుదువపెట్టడం పరువుతక్కువ పనేం కాదు, నాట్లకి ముందు నల్లపూసలు బ్యాంకుకి వెళ్లడం, కోతలయ్యాక తిరిగి మెడకెక్కడం ఏటేటా జరిగేదే. బంగారం చేతిలో ఉంటే అప్పిచ్చేవాడు స్కోరుని పెద్దగా పట్టించుకోడు. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం రెండున్నర లక్షల వరకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. బంగారం లేనివాళ్లకి మిగిలేవి ఫోన్‌లో దొరికే లోన్ యాప్‌లు. వాటి వేధింపులు తాళలేక 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలోనే ఒక జంట ప్రాణాలు తీసుకుంది. బ్యాంకు తలుపు మూసుకున్నప్పుడు మనిషి ఏ తలుపు తడతాడన్నదే స్కోరు చర్చలో అసలు విషయం.

అంకెకి కనపడని డెల్టా

ఇప్పుడు ఇదే నాణేన్ని తిప్పి చూడాలి. డెల్టా మాగాణిలో ఎక్కువ భాగం దున్నేది కౌలుదార్లే. మక్తా కట్టేది, పెట్టుబడి పెట్టేది, తుపాను వస్తే మునిగేది వాళ్లే. భూమి కాగితం మాత్రం ఆసామి పేరున ఉంటుంది. అదే భూమి మీద ఆసామి ముందే పంటరుణం తీసుకుని ఉంటాడు. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారుల హక్కు కార్డులు వచ్చాయి. ఈ రెండో కార్డుకి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారిపోతుందేమోనని ఆయన భయం. ఇక్కడ కౌలుదారుకి 800 స్కోరున్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆయనకి అడ్డం స్కోరు కాదు, కాగితం. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశమంతా తమవైపు చూసేలా చేశారు. పెట్టుబడికీ రాబడికీ పొంతన లేని సేద్యం ఎలా ఉంటుందో అప్పుడు అందరికీ తెలిసింది. ఆ పొంతన కుదరకపోతే ఏ స్కోరూ నిలబడదు.

భీమవరం చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువుల సంగతీ అంతే. మేత, మందులు డీలరు దగ్గర అరువుకి తెస్తారు, పట్టుబడి అయ్యాక తీరుస్తారు. లక్షల్లో నడిచే ఆ ఖాతా బ్యూరోలకి కనపడదు. 2025 ఆగస్టులో అమెరికా మన రొయ్య మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, చెరువుగట్టు మీద నిలబడ్డ రైతు చేసిన తప్పేమీ లేదు. వాయిదా తప్పితే రిపోర్టులో పడేది ఆయన పేరే. నరసాపురం ప్రాంతంలో ఇంట్లో కూర్చుని లేసు అల్లే మహిళకి చేతినిండా పనుంది, చేతికొచ్చే కూలికి మాత్రం ఏ కాగితమూ లేదు.

పాలకులకి ఇది తెలియక కాదు. ‘చరిత్ర లేదు’ అన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పడిగినవాళ్లని తిప్పిపంపకూడదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో చెప్పింది. మొదటిసారి రుణగ్రహీతలకి కనీస స్కోరు అంటూ ఏదీ లేదని కేంద్రం అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటుకి చెప్పింది. స్వయం సహాయక సంఘాల సభ్యులకీ, పల్లె జనానికీ సరిపోయే ‘గ్రామీణ్ క్రెడిట్ స్కోరు’ తెస్తామని 2025 ఫిబ్రవరి బడ్జెట్లో నిర్మలా సీతారామన్ ప్రకటించారు. ఆవిడ నరసాపురం కోడలు. లేసు అల్లే మహిళ పరపతిని కూడా లెక్కలోకి తెచ్చే కొలబద్ద వస్తే, ఆ అత్తారింటి ఊరే దానికి సరైన పరీక్షాస్థలం.

స్కోరు పాడయ్యేది ఇలా

పెద్ద పెద్ద ఎగవేతలతో స్కోరు పాడుచేసుకునేవాళ్లు తక్కువ. చిన్న చిన్న మొహమాటాలతో, అజాగ్రత్తతో పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ.

మొదటిది హామీ సంతకం. బావమరిది ట్రాక్టరు కొంటాడు. ‘బావా, ఒక్క సంతకం’ అంటాడు. సంతకానికేం పోయిందనుకుంటాం. ఆయన రెండు వాయిదాలు తప్పితే అది మన రిపోర్టులోనూ కనపడుతుంది. రేపు మన అమ్మాయి చదువు లోనుకి వెళ్లినప్పుడు ఆ ట్రాక్టరు మనకి అడ్డం వస్తుంది. బంధుత్వం కోసం హామీ ఉండొద్దని కాదు, ఆ అప్పు మనదే అనుకోగలిగితేనే ఉండాలి.

రెండోది ‘సెటిల్డ్’. బాకీలో కొంత తగ్గించి కట్టించుకుని బ్యాంకు ఖాతా మూసేస్తే బరువు దిగిందనుకుంటాం. రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని రాయరు, ‘సెటిల్డ్’ అని రాస్తారు. అంటే పూర్తిగా తీర్చలేదని. ఆ మాట ఏళ్ల తరబడి వెంటాడుతుంది. బ్యూరోలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచుతాయి. ఊరు అయిదేళ్లలో మర్చిపోయే తప్పును కంప్యూటరు ఏడేళ్లయినా మర్చిపోదు.

మూడోది చిల్లర. ఇది నా సొంత అనుభవం. ఎప్పుడో వాడటం మానేసిన క్రెడిట్ కార్డు ఒకటి, మూసేశాననుకున్నాను. బ్యాంకు దాని మీద ఏడాది రుసుము వేస్తూనే ఉంది, నేను చూసుకోలేదు. అయిదొందల లోపు బాకీ. ఇంటి మరమ్మతుకి లోను అడిగిన రోజున బయటపడింది. కట్టేసి, ‘బాకీ లేదు’ అన్న పత్రం తీసుకుని, రికార్డు సరిచేయించుకునేసరికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ నేను ఎగవేతదారునే.

నాలుగోది మన పేర్లు. అన్నవరం సత్యదేవుడి దయవల్ల డెల్టాలో సత్యనారాయణలకి కొదవలేదు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు సత్యనారాయణలు ఉంటారు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాసుపుస్తకంలో ‘సత్తిబాబు’. ఒకరి అప్పు ఇంకొకరి రిపోర్టులోకి చేరడానికి ఇంతకంటే ఏం కావాలి? అన్ని కాగితాల్లోనూ పేరు ఒకేలా ఉంచుకోవడం సగం రోగానికి మందు.

అయిదోది తుపాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఈనిక దశలో ఉన్న చేలు నేలకి ఒరిగాయి. పంట నష్టం 33 శాతం, ఆపైన ఉన్నట్టు ప్రభుత్వం నిర్ధారిస్తే రుణాల్ని రీషెడ్యూల్ చేసే వెసులుబాటు బ్యాంకులకి ఉంది. ఊరు మీ కష్టాన్ని తనంతట తనే చూస్తుంది. బ్యాంకుకి మీరే వెళ్లి రాతపూర్వకంగా చెప్పాలి. ‘వాళ్లకి తెలీదా ఏంటి’ అనుకుని ఇంట్లో కూర్చుంటే రికార్డులో మిగిలేది బాకీ ఒక్కటే.

సముద్రం దాటితే మళ్లీ మొదటికి

ఇంజనీరింగ్ అయిన పిల్లలు అమెరికా విమానం ఎక్కడం మన జిల్లాల్లో ఇంటింటి కథ. చదువు లోనులో తండ్రి సహ దరఖాస్తుదారు. ఆయన స్కోరు చూస్తారు, వాయిదా తప్పితే ఇద్దరి రికార్డూ పాడవుతుంది. 2023లో కేరళ హైకోర్టు, సిబిల్ స్కోరు తక్కువని విద్యార్థి రుణం నిరాకరించడం సరికాదని చెప్పింది. 2025లో మద్రాసు హైకోర్టు దగ్గరికి వచ్చిన ఇంకో కేసులో, అప్పుల చరిత్ర బాగోలేదని ఒక అభ్యర్థి నియామకాన్ని బ్యాంకు రద్దు చేయడాన్ని కోర్టు సమర్థించింది. రెండూ కలిపి చదివితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది: చదువుకునేవాడికి స్కోరు అడ్డుగోడ కాకూడదు, పరాయి డబ్బు కాపలా కాయబోయేవాడికి మాత్రం అది లెక్కలోకి వస్తుంది.

అక్కడికి చేరాక పిల్లాడికి తెలిసేది ఇంకోటి. నాన్నగారి పరపతి సాధారణంగా సముద్రం దాటదు. అద్దె ఇల్లు, కారు, ఫోను, అన్నిటికీ స్కోరు అడుగుతారు, వాడికి అక్కడ చరిత్రే లేదు. డిపాజిట్ కట్టి చిన్న పరిమితి ఉన్న కార్డు తీసుకుని, నెలనెలా పూర్తిగా కడుతూ మొదటి మెట్టు నుంచి ఎక్కుతాడు. మనూళ్లో ఆ మెట్లు ఎక్కాలనుకునేవాళ్లకీ అదే దారి. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు గానీ, బ్యాంకులో చిన్న బంగారు రుణం గానీ తీసుకుని గడువులో తీరిస్తే చరిత్ర మొదలవుతుంది.

రిపోర్టు చూసుకోవడం ఎలా?

• నాలుగు కంపెనీలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. 2017 జనవరి నుంచి ఈ నిబంధన ఉంది. పాన్ కార్డు, ఫోన్ నంబరు ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లోనే వస్తుంది. మధ్యలో ఎవరికీ డబ్బు కట్టొద్దు.

• మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. పది చోట్ల అప్పుకి దరఖాస్తు పెడితే తగ్గొచ్చు.

• మూడు విషయాలు చూడండి: మీది కాని అప్పు, తీరిపోయినా ఇంకా ఉన్నట్టు చూపుతున్న అప్పు, మీరు మర్చిపోయిన హామీ సంతకం.

• తప్పుంటే బ్యూరోకీ, అప్పిచ్చిన సంస్థకీ ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకి వంద రూపాయల పరిహారం మీకు రావాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది.

• అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. ఈ బ్యూరోలు 2022 సెప్టెంబరు నుంచి ఆ పరిధిలో ఉన్నాయి.

• ‘మీ స్కోరు పెంచేస్తాం’ అని ఫోన్ చేసేవాళ్ల మాట నమ్మొద్దు. నిజమైన బాకీని ఎవరూ చెరపలేరు. తప్పుడు బాకీని మీరే ఉచితంగా తీయించుకోవచ్చు.

ఇంతకీ ఉండాలా, వద్దా?

మొదట్లో ప్రశ్న వేసిన పెద్దమనిషికి జవాబు చెప్పాలి. బాబాయ్ గారూ, మీకు సొంతిల్లు ఉంది, పొలం ఉంది, అప్పు చేసే అవసరం లేదు. మీకు స్కోరు లేకపోయినా నష్టం లేదు. స్కోరు కోసం అక్కర్లేని కార్డు తీసుకోవడం, అవసరం లేని వస్తువు వాయిదాల్లో కొనడం శుద్ధ తెలివితక్కువ. కానీ రిపోర్టు ఒకసారి చూడండి. మీరు అప్పు చెయ్యకపోయినా మీ పేరున ఇంకెవరైనా చేసి ఉండొచ్చు. ఎప్పుడో ఎవరికో పెట్టిన సంతకం అందులో ఉండొచ్చు.

ఇల్లు కట్టాలనుకునే ఉద్యోగికీ, కొట్టు పెంచుకోవాలనుకునే వ్యాపారికీ, పిల్లల్ని పైచదువులకి పంపబోయే తల్లిదండ్రులకీ స్కోరు కావాలి. అది గొప్ప కోసం కాదు, చౌకగా అప్పు పుట్టడం కోసం. అవసరం వచ్చిన రోజున పరుగెత్తితే రాదు. రెండు మూడేళ్ల ముందు నుంచి వాయిదా తేదీకి ఖాతాలో డబ్బుంచడమే దాని రహస్యం.

కౌలుదారుకీ, చెరువు రైతుకీ, లేసు మహిళకీ మాత్రం స్కోరు పాఠాలు చెప్పడం ఆకలిగా ఉన్నవాడికి అరుగుదల మందు ఇవ్వడం లాంటిది. ముందు వాళ్ల సేద్యానికి, వాళ్ల పనికి ఒక కాగితం ఇవ్వాలి. అది ప్రభుత్వం చేయాల్సిన పని. బ్యాంకు మేనేజర్లు చేయాల్సిన పని కూడా.

దాళ్వా ధాన్యం డబ్బు ఖాతాలో పడిన రోజున మనవాళ్లు చేసే పనులు కొన్ని ఉన్నాయి. ఎరువుల కొట్లో బాకీ కట్టడం, కుదువపెట్టిన గొలుసు విడిపించడం, ప్రోనోటు చింపించుకోవడం. ఆ జాబితాకి ఇంకొకటి కలపండి. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని క్రెడిట్ రిపోర్టు తెరిపించండి, ఒక్కో అప్పూ పైకి చదివించండి. మీది కానిది కనపడితే ఆ రోజే ఫిర్యాదు పెట్టండి. రిపోర్టు ఉచితం, ఫిర్యాదూ ఉచితమే. రిజర్వు బ్యాంకు సహాయ కేంద్రం నంబరు 14448.